మోకాలు నాకు రెండుసార్లు అబద్ధం చెప్పింది

బ్యాడ్మింటన్‌లో ఆ షాట్ నేను కొన్ని వేల సార్లు కొట్టి ఉంటాను. షటిల్ నా ఎడమ భుజం మీదుగా వెనక మూలకు పోతోంది. నాది కుడిచేతి వాటం. అక్కడ బ్యాక్‌హ్యాండ్ కొట్టడం నాకు మొదట్నుంచీ ఇష్టం లేదు. గబగబా వెనక్కి అడుగులేసి, నడుము పక్కకు వంచి, తలమీది నుంచే కొట్టాను. గాల్లోంచి ఒక్క ఎడమకాలి మీదే దిగాను. మోకాట్లో ‘టప్’మని ఏదో తెగింది. షటిల్ నెట్ దాటిందో లేదో కూడా చూడలేదు. అవతలి కోర్టులో ఉన్న అమ్మాయికీ ఆ చప్పుడు వినిపించిందట. నా రాకెట్ విరిగిందనుకుందట.

నన్ను ఎవరూ తోయలేదు, తగల్లేదు. నేల తడిగా కూడా లేదు. నాలుగైదు నెలలు నన్ను తినేసిన విషయం ఇదే. ఎవరైనా గుద్దితే కోపం చూపించడానికి ఒక మనిషైనా ఉండేవాడు.

రెండు నిమిషాలు ప్రాణం పోయినంత నొప్పి. తర్వాత విచిత్రంగా తగ్గింది. లేచి నిలబడ్డాను, కుంటుతూ బెంచీ దాకా నడిచాను కూడా. కోచ్ సార్ ఐస్ పెట్టించి, “బెణికినట్టుందమ్మా, ఇవాళ్టికి ఆపెయ్” అన్నారు. మూడు గంటలు తిరిగేసరికి మోకాలి చిప్ప ఎక్కడుందో కనపడనంత వాచింది. ఇప్పుడైతే తెలుసు. చప్పుడు వినిపించి, కొన్ని గంటల్లోనే మోకాలు అంతగా వాచిందంటే సాధారణంగా లోపల రక్తం చేరినట్టే. అలాంటి వాళ్ళలో ఎక్కువమందికి లోపలి లిగమెంట్, అంటే ఎముకనూ ఎముకనూ కట్టి ఉంచే గట్టి పట్టీ, తెగి ఉంటుంది. మర్నాటికి మెల్లగా వచ్చే వాపు వేరు, ఇది వేరు. అప్పట్లో నాకు వాపంటే వాపే.

చూపించుకున్న మొదటి చోట ఎక్స్‌రే తీశారు. ఎముక విరగలేదు, బెణుకే, రెండు వారాలు రెస్ట్ అన్నారు. నేను హమ్మయ్య అనుకున్నాను. ఎక్స్‌రేలో ఎముకలు కనిపిస్తాయి, లిగమెంట్ కనపడదు. ఈ చిన్న సంగతి తెలిసి ఉంటే అక్కడే ఇంకో ప్రశ్న అడిగేదాన్ని. వాళ్ళ వైపు నుంచి కూడా ఒక మాట చెప్పాలి. వాచిపోయి, నొప్పికి కండరాలన్నీ బిగుసుకున్న మోకాలిని మొదటిరోజు పరీక్షించడం కష్టం. అందుకే వాపు దిగాక మళ్ళీ చూపించుకోవాలి. ఆ ‘మళ్ళీ రండి’ అన్న మాట నాకు ఎవరూ అనలేదు.

మూడో వారానికి వాపు దిగింది. మామూలుగా నడిచాను, మెట్లెక్కాను. తిన్నగా నడిస్తే ఏ ఇబ్బందీ లేదు. మోకాలు నాకు చెప్పిన మొదటి అబద్ధం అదే. ఐదో వారం షూస్ వేసుకుని కోర్టులో దిగాను. గట్టిగా కూడా ఆడలేదు, హాఫ్ కోర్ట్ గేమ్. నెట్ దగ్గర ఒక షాట్ తీసి పక్కకు తిరగబోయాను. పాదం నేల మీదే ఉంది, పై శరీరం తిరిగింది, మధ్యలో మోకాలు ఎటో జారిపోయింది. కీలులోంచి ఎముక బయటికి వెళ్ళి వచ్చినట్టనిపించింది. ఆ జారుడు నొప్పికంటే భయంకరం. సొంత కాలే మోసం చేసినట్టుంటుంది.

ఈసారి ఆటగాళ్ళ గాయాలు చూసే డాక్టర్ గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన స్కాన్ మాట ఎత్తకుండా నన్ను పడుకోబెట్టి, మోకాలు కొంచెం వంచి, ఒక చేత్తో తొడ పట్టుకుని, రెండో చేత్తో కింది ఎముకను తనవైపు లాగారు. ముందు బాగున్న కాలు లాగితే కొంచెం కదిలి ‘టక్’మని ఆగింది. ఎడమకాలు ఆగలేదు. మెత్తగా ముందుకు వచ్చేస్తూనే ఉంది. “తేడా నీకే తెలుస్తోందా?” అన్నారు. తెలిసింది. పది సెకన్ల పని అది. దాన్ని లాక్‌మన్ టెస్ట్ అంటారని తర్వాత తెలుసుకున్నాను. ఎంఆర్ఐలో కొత్తగా తేలింది ఒక్కటే: ముందు క్రూసియేట్ లిగమెంట్, అంటే ఏసీఎల్, పూర్తిగా తెగడంతో పాటు లోపలివైపు మెనిస్కస్ కూడా చిరిగింది. మెనిస్కస్ అంటే రెండు ఎముకల మధ్య మెత్తలా ఉండేది. అది మొదటిరోజే చిరిగిందా, నేను తొందరపడి ఆడిన రోజు చిరిగిందా అని అడిగాను. ఖచ్చితంగా చెప్పలేమన్నారు. నా మనసులో మాత్రం రెండోదే.

మోకాలికి ముఖ్యమైన లిగమెంట్లు నాలుగు. అటూ ఇటూ పక్కల రెండు, లోపల ఒకదానికొకటి అడ్డంగా కత్తెరలా రెండు. లోపలి రెంటిలో ముందుది నాకు తెగింది. పొడవు 3 సెంటీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది, అంతే. కింది ఎముక ముందుకు జారకుండా, మెలితిరగకుండా పట్టి ఉంచేది అదే. తిన్నగా నడిచేటప్పుడు దాని అవసరం పెద్దగా పడదు. గిరుక్కున తిరిగేటప్పుడు, హఠాత్తుగా ఆగేటప్పుడు, గాల్లోంచి దిగేటప్పుడు పడుతుంది. మూడో వారంలో నేను ఎందుకు మోసపోయానో ఈ ఒక్క ముక్కతో అర్థమైంది.

పక్కన ఉండే లిగమెంట్లలో లోపలివైపుది, ఎంసీఎల్, ఆటల్లో బాగా తరచుగా దెబ్బతింటుంది, కానీ చాలాసార్లు బ్రేస్ వేసి వ్యాయామం చేయిస్తే అతుక్కుంటుంది. ఏసీఎల్‌కి ఆ అదృష్టం తక్కువ. అది కీలు లోపలి ద్రవంలో ఉంటుంది కాబట్టి తెగిన కొసల మధ్య రక్తం గడ్డకట్టి అతుకు పడే వీలు సరిగ్గా ఉండదు. మా బ్యాచ్‌లో ఒక అబ్బాయికి “లిగమెంట్ పోయింది, రెండు నెలల్లో ఆడేశాడు” అని అందరూ నాకు ఉదాహరణ చెప్పేవాళ్ళు. అతనికి పోయింది ఎంసీఎల్. లిగమెంట్ గాయం అని ఒకే పేరుతో అన్నిటినీ ఒక గాటన కట్టేయడం వల్ల నాకు జరిగిన నష్టం అంతా ఇంతా కాదు.

ఫిజియో గదిలో మొదటిరోజు నాతో పాటు ఏడుగురు ఉన్నారు. ఐదుగురిది ఇదే లిగమెంట్. ఒకరు ఫుట్‌బాల్, ఒకరు బాస్కెట్‌బాల్, ఇద్దరు వాలీబాల్, ఒకాయన మాత్రం వారాంతంలో సరదాగా ఆడే పెద్దమనిషి. ఆ గదిలో కూర్చుంటే లోకంలో అందరి మోకాళ్ళూ తెగిపోయాయనే అనిపిస్తుంది. బయటికి వెళ్తే ఎవరికీ ఏసీఎల్ అంటేనే తెలియదు. మరి ఇది మామూలు గాయమా, అరుదైనదా? ఎవరిని లెక్కలోకి తీసుకున్నామన్న దాన్ని బట్టి ఉంటుంది. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలోని ఒక కౌంటీలో 1990 నుంచి 2010 దాకా మొత్తం జనాభా రికార్డులు చూస్తే, ఏసీఎల్ తెగినవాళ్ళు ఏడాదికి లక్షమందిలో సుమారు 69 మంది. ఇందులో ముసలివాళ్ళూ, పిల్లలూ, జన్మలో పరుగెత్తనివాళ్ళూ అందరూ ఉన్నారు. అదే రికార్డుల్లో వయసుల వారీగా చూస్తే అమ్మాయిల్లో 14 నుంచి 18 ఏళ్ళ వాళ్ళలో, అబ్బాయిల్లో 19 నుంచి 25 ఏళ్ళ వాళ్ళలో ఆ సంఖ్య 200 దాటుతుంది. సరిగ్గా ఆటలాడే వయసు. ఇక ఆడేవాళ్ళను మాత్రమే, అందులోనూ గెంతి దిగే, తిరిగే ఆటలు ఆడేవాళ్ళను మాత్రమే లెక్కేస్తే మా ఫిజియో గది వింతగా అనిపించదు.

ఇంకో సంగతి నాకు నిజంగా ఊరటనిచ్చింది. ఈ గాయాల్లో సుమారు 70 శాతం ఎవరూ తగలకుండానే అవుతాయి. వీడియోలు ఫ్రేము ఫ్రేముగా చూసి లెక్కగట్టినవాళ్ళు, పాదం నేలకు తాకిన సుమారు 40 మిల్లీసెకన్లకే తెగుతుందంటున్నారు. అంటే సెకనులో ఇరవై ఐదో వంతు. ‘చూసుకుని దిగాల్సింది కదా’ అన్న బంధువులందరికీ ఈ అంకె చెప్పాను. ఆ కాసేపట్లో చూసుకోవడానికి మెదడుకు వ్యవధి ఉండదు. దిగే పద్ధతి ముందే ఒంట్లో ఉండాలి.

నేను పడిన చోటు కూడా నాకే ప్రత్యేకం కాదని తెలిశాక కోపం కొంత తగ్గింది. బ్యాడ్మింటన్‌లో ఈ గాయానికి బాగా పేరున్న దారి ఇదే: బ్యాక్‌హ్యాండ్ మూలలో తలమీది షాట్ కొట్టి, రాకెట్ పట్టిన చేతికి ఎదురువైపు కాలి మీద ఒంటికాలితో దిగడం. కుడిచేతి వాటం వాళ్ళకు ఎడమ మోకాలు. స్పెయిన్ క్రీడాకారిణి కరోలినా మారిన్‌ది ఎడమచేతి వాటం. 2019 జనవరిలో ఇండోనేషియా మాస్టర్స్ ఫైనల్లో సైనా నెహ్వాల్ మీద ఆధిక్యంలో ఉండగా ఆమెకు పోయింది కుడి మోకాలు. అదే ఏడాది సెప్టెంబర్‌లో చైనా ఓపెన్ గెలిచింది. నాకు తెలిసినవాళ్ళంతా ఈ ముక్క దగ్గరే ఆగిపోయేవాళ్ళు: “చూడు, మారిన్ ఎనిమిది నెలల్లో టైటిల్ కొట్టింది.” తర్వాతది ఎవరూ చెప్పరు. 2021లో ఎడమ మోకాలు పోయి టోక్యో ఒలింపిక్స్‌కి దూరమైంది. 2024 ఆగస్టులో పారిస్ ఒలింపిక్స్ సెమీఫైనల్లో, ఒక గేమ్ గెలిచి రెండో గేమ్‌లో ముందున్నప్పుడు, మళ్ళీ కుడి మోకాలు. ఆ మ్యాచ్ చూస్తూ నేను టీవీ కట్టేశాను. ఫుట్‌బాల్‌లో చూసినా అంతే. 2023 అక్టోబర్‌లో నెయ్‌మార్, 2024 సెప్టెంబర్‌లో రోద్రి. రోద్రి నెల తర్వాత ఊతకర్రలతో వచ్చి, ఏటా ఉత్తమ ఫుట్‌బాల్ ఆటగాడికి ఇచ్చే బాలన్ డీఓర్ అందుకున్నాడు. డబ్బు, వైద్యం, సొంత ఫిజియో ఉన్నవాళ్ళకీ ఇది తప్పలేదు.

ఆపరేషన్ తప్పనిసరా అని నేను అడిగితే డాక్టర్ గారు వెంటనే ఔననలేదు. అందుకే ఆయన మీద గురి కుదిరింది. స్వీడన్‌లో ఏసీఎల్ తెగిన 121 మంది యువతీయువకులను రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు ముందే ఆపరేషన్, ఇంకో జట్టుకు ముందు వ్యాయామం, అవసరమైతే తర్వాత ఆపరేషన్ అని చూశారట. రెండేళ్ళ తర్వాత మోకాళ్ళ పరిస్థితిలో రెండు జట్లకూ పెద్ద తేడా లేదు. ఐదేళ్ళకు చూస్తే రెండో జట్టులో సగంమంది దాకా ఆపరేషన్ చేయించుకున్నారు. అంటే మిగతా సగంమందికి అవసరమే పడలేదు. “ఆఫీసు పని, ఈత, సైకిలు చాలనుకుంటే నువ్వూ ఆగి చూడొచ్చు. కానీ నువ్వు తిరగాల్సిన ఆట ఆడతావు, ఒకసారి మోకాలు జారింది, మెనిస్కస్ ఇప్పుడైతే కుట్టగలిగే స్థితిలో ఉంది” అన్నారు. ఆ మూడో కారణం నన్ను ఒప్పించింది.

వెంటనే కూడా చేయలేదు. కాలు పూర్తిగా చాపగలిగి, వాపు పోయి, తొడలో కొంచెం బలం వచ్చేదాకా ఆరు వారాలు వ్యాయామం చేయించారు. ఆపరేషన్ రోజు గురించి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు, నిద్రపోయాను. తెగిన ఏసీఎల్‌ను సాధారణంగా కుట్టరు. నా తొడ వెనక కండరాల స్నాయువులు, అంటే కండరాన్ని ఎముకకు కలిపే తాళ్ళలాంటివి, తీసి, పేని, ఎముకల్లో సొరంగాలు తొలిచి వాటిలోంచి బిగించారు. మోకాలి చిప్ప కింది స్నాయువుతోనూ, తొడ ముందు స్నాయువుతోనూ చేస్తారు. ఏది మంచిదన్న దాని మీద డాక్టర్లే వాదించుకుంటారు, నేను ఆ జోలికి పోను.

అసలు కథ తర్వాత మొదలైంది. మూడో రోజు ఫిజియో మేడమ్ మోకాలి కింద చెయ్యి పెట్టి, “తొడ బిగించు” అన్నారు. బిగించాను.

“బిగించమ్మా.”

“బిగిస్తున్నాను మేడమ్.”

“లేదు, పిరుదు బిగిస్తున్నావు.”

కిందికి చూశాను. పన్నెండేళ్ళుగా నన్ను కోర్టంతా పరుగెత్తించిన తొడ మెత్తగా, ఎవరిదో అన్నట్టు పడుంది. మెదడు ఆజ్ఞ ఇస్తోంది, కండరం వినడం లేదు. కీలులో వాపు, గాయం ఉన్నంతకాలం నరాల వ్యవస్థే ఆ కండరాన్ని ఆపేస్తుందట. దానికి కరెంటు ప్యాడ్లు పెట్టి మళ్ళీ మేల్కొల్పాలి. అప్పుడు ఏడ్చాను, ఆపరేషన్ నొప్పికి కాదు. తొమ్మిదో రోజు కొంచెం కదిలింది. మేడమ్ చప్పట్లు కొట్టారు. ఒక కండరం సూది మొనంత కదిలినందుకు ఇద్దరు పెద్దవాళ్ళు పండగ చేసుకోవడం బయటివాళ్ళకు పిచ్చిగా ఉంటుంది.

మెనిస్కస్ కుట్టారు కాబట్టి ఆరు వారాలు ఊతకర్రలు, 90 డిగ్రీలు దాటి వంచకూడదు. అందరూ ‘ఎంత వంగుతోంది’ అని అడుగుతారు. మేడమ్ అడిగేది మాత్రం ‘ఎంత చాపగలవు’ అని. మడమ కింద మడిచిన టవల్ పెట్టి, మోకాలు గాల్లో వేలాడుతుంటే దాని బరువుకు అదే తిన్నగా అయ్యేదాకా పదేసి నిమిషాలు. మొదట్లో చివరి ఐదు డిగ్రీలు రాకపోతే తర్వాత కుంటి నడకే మిగులుతుందని ఆవిడ భయపెట్టారు. ఆ పది నిమిషాలంత పొడుగైన కాలం నా జీవితంలో ఇంకొకటి లేదు.

మూడో నెలలో మోకాలు రెండో అబద్ధం చెప్పింది. వాపు లేదు, నొప్పి లేదు, సైకిల్ తొక్కుతున్నాను, అద్దంలో చూసుకుంటే రెండు మోకాళ్ళూ ఒకలాగే ఉన్నాయి. ఒక సాయంత్రం ఎవరూ లేనప్పుడు కోర్టులో నాలుగు అడుగులు పరుగెత్తాను. బాగుంది. మర్నాడు గర్వంగా చెప్పాను. మేడమ్ ముఖం మాడిపోయింది. కొత్త లిగమెంట్ పెట్టిన రోజు గట్టిగానే ఉంటుంది. తర్వాత అందులోని పాత కణాలు చనిపోయి, కొత్త రక్తనాళాలు పాకి, ఒళ్ళు దాన్ని తన లిగమెంట్‌గా మార్చుకోవడం మొదలవుతుంది. ఆ మార్పు జరిగేటప్పుడు, సుమారు ఆరు నుంచి పన్నెండు వారాల మధ్య, అది అన్నిటికంటే బలహీనంగా ఉంటుంది. పైకి మోకాలు హాయిగా ఉండేదీ అప్పుడే. నొప్పి లేకపోవడాన్ని సర్టిఫికెట్‌గా తీసుకున్నది నేను రెండోసారి.

అక్కణ్ణుంచి నా మాటకు విలువ పోయింది, కొలతలకే విలువ. టేప్ పెట్టి తొడ చుట్టుకొలత చూస్తే ఎడమది మూడు సెంటీమీటర్లు తక్కువ. నాలుగో నెల జాగింగ్, ఆరో నెల రెండు కాళ్ళతో గెంతు, ఆ తర్వాత ఒంటికాలు. తొమ్మిదో నెల పరీక్షకు అందరికంటే ముందు నేనే సిద్ధం. ఆపరేషన్ అయినవాళ్ళ మీద జరిగిన ఒక పరిశీలనలో, ఆటకు తిరిగి రావడాన్ని తొమ్మిది నెలల దాకా వాయిదా వేసిన ప్రతి నెలకూ మోకాలు మళ్ళీ దెబ్బతినే ప్రమాదం సుమారు సగానికి తగ్గిందట. నాకు తొమ్మిది నిండాయి కాబట్టి అర్హత వచ్చేసిందనుకున్నాను. మెషీన్ మీద ఎడమ తొడ బలం చూస్తే బాగున్న కాలితో పోలిస్తే 84 శాతమే. కనీసం 90 ఉండాలి. ఒంటికాలి గెంతులో దూరం సరిపోయింది, కానీ వీడియోలో చూస్తే దిగినప్పుడు మోకాలు లోపలికి వాలుతోంది, సరిగ్గా ఆ రోజు వాలినట్టే. ఇంకా రెండు నెలలన్నారు. ఇంటికెళ్ళి ఎవరితోనూ మాట్లాడలేదు.

పన్నెండు ప్రశ్నల కాగితం కూడా ఒకటి ఇచ్చారు. మోకాలి గురించి ఆలోచించకుండా ఆడగలవా, మళ్ళీ తెగుతుందని భయమా, ఇలాంటివి. అబద్ధాలు రాద్దామనుకుని, ఆగి, నిజమే రాశాను. సగానికి సగం మార్కులు కూడా రాలేదు. ఆపరేషన్ తర్వాత ఏదో ఒక ఆటకు తిరిగి వచ్చేవాళ్ళు 80 శాతం దాకా ఉన్నా, పోటీల స్థాయికి వచ్చేవాళ్ళు 55 శాతమే. మోకాలు బాగుపడినా భయం పోక ఆగిపోయేవాళ్ళు అందులో చాలామంది. పాతికేళ్ళలోపు వాళ్ళు ఆటకు తిరిగొస్తే, దాదాపు నలుగురిలో ఒకరికి అదే మోకాలో, రెండోదో మళ్ళీ తెగుతుంది. నాకు 23. ఈ అంకె తెలిశాక భయం పిరికితనంలా అనిపించలేదు.

పదకొండో నెల తొడ బలం 92 శాతానికి వచ్చింది. ఆడటం మొదలుపెట్టాను.

ఒకే రకం ఆట ఆడే అమ్మాయిలకు అబ్బాయిలకంటే ఈ గాయం రెండు మూడు రెట్లు ఎక్కువ. ఎందుకంటే హార్మోన్లు అంటారు, తుంటి ఎముక ఆకారం అంటారు. ఉండొచ్చు. నా వరకు నేను చెప్పగలిగింది ఇంకొకటి ఉంది. పన్నెండేళ్ళ ఆటలో నాతో ఒక్కరూ బరువులు ఎత్తించలేదు, ఎలా దిగాలో నేర్పలేదు. ఫుట్‌వర్క్ గంటలకొద్దీ, దిగడం అన్నది దానంతటదే వస్తుందన్న లెక్క. గెంతి దిగడం, ఒంటికాలి నిలకడ, తొడ వెనక బలం కలిపి చేయించే వార్మప్‌లతో ఏసీఎల్ గాయాలు దాదాపు సగం తగ్గాయని చాలా పరిశీలనల్లో తేలింది. ఫుట్‌బాల్ వాళ్ళకు ఫిఫా 11+ అని ఇరవై నిమిషాల వార్మప్ ఉంది, అందులో రాకెట్ సైన్స్ ఏమీ లేదు. విసుగు మాత్రం ఉంటుంది.

ఇప్పుడు ఆపరేషన్ అయి పద్నాలుగు నెలలు. కోచ్ సార్ జూనియర్లకు రోజూ మొదటి పావుగంట ఆ వార్మప్ పెట్టారు. నన్నే చేయించమన్నారు. నిన్న పద్నాలుగేళ్ళ పిల్ల ఒకతె ముఖం చిట్లించుకుని, “అక్కా, ఎప్పుడు ఆడతాం?” అంది. “మోకాలు లోపలికి పోతోంది, మళ్ళీ దిగు” అన్నాను. దిగింది, సణుక్కుంటూ. నేనైతే వెనక మూలకు షటిల్ వస్తే ఇప్పుడు బ్యాక్‌హ్యాండ్ కొడుతున్నాను. ఇంకా సరిగ్గా రావడం లేదు.